మామయ్యగారి మొదటి కాఫీ

జూలై 27

కాలవకి నీళ్ళొదిలారు. అదే రోజు మా ఇంట్లోకి ఎస్ప్రెస్సో కూడా వచ్చింది.

నేత్ర సామాను బెంగళూరు నుంచి ఇవాళ దిగింది. మా మరిది బాబ్జీ ఇష్టపడి చేసుకున్న పిల్ల. ఇక్కడి గిల్లేసూగూరు ఊళ్ళో హనుమన్న గారి కూతురు; మాలా గోదావరి నుంచి వలసొచ్చి కాలవ పక్కన క్యాంపు కట్టుకున్నవాళ్ళు కాదు, ఈ నేల వాళ్ళే. పుట్టిందీ పెరిగిందీ చాయ్ తాగే ఇంట్లో. పెళ్ళికి ముందు బెంగళూరులో ఏదో కాఫీ షాపులో పనిచేసింది. ఆ షాపు మూసేస్తూ ఓనరు ఇచ్చాడట, అట్టపెట్టెలోంచి ఒక ఉక్కు సామాను తీసింది. మధ్యలో గొట్టం, పక్కన రెండు చేతులు. ఆ చేతుల్ని పైకెత్తి కిందికి నొక్కితే కాఫీ దిగుతుందట. కరెంటు అక్కర్లేదట.

"మా జంతికల గొట్టం కూడా ఇంతేగా" అన్నాను.

బాబ్జీ పగలబడి నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. "గట్లనే అనుకో అక్కా. గాని దీంట్ల జంతికలు రావు" అంది.

ఎస్ప్రెస్సో అంటే నాకు తెలియదా? తణుకులో మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో స్టాలే పెట్టించారు. మిషను బుస్సుమని ఆవిరి కొడితే పాలు గ్లాసు నిండా నురగ అవుతాయి. పైన చాక్లెట్ పొడి జల్లి ఇస్తారు. ఆ మాటే అంటే, "అది ఎస్ప్రెస్సో కాదక్కా" అంది. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళన్నిటిలోనూ ఎస్ప్రెస్సో అని చెప్పి తాగించింది ఎస్ప్రెస్సో కాదట! మరి మేమంతా ఏం తాగినట్టో?

జూలై 28

ఈ ఇంట్లో మామయ్యగారి మొదటి కాఫీ నాది. కాపరానికి వచ్చిన మర్నాటి నుంచీ నాదే. అత్తయ్యగారు తను పోయేదాకా బీరువా తాళాలు నా చేతికివ్వలేదు గానీ ఫిల్టరు మాత్రం మొదటి ఏడే ఇచ్చేశారు. "మీ మామయ్యకి నీ చేతి కాఫీయే కావాలంటమ్మా, నన్నెవరు అడుగుతారు ఇక" అన్నారు. ఆ మాట కోసం ఎంత బతికానో నాకే తెలుసు. పిల్లలు లేని కోడల్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. నన్ను కాఫీ దగ్గర పెట్టారు. అక్కడే ఉన్నాను.

పొద్దున్న వసారాలో కూర్చుని మామయ్యగారు గ్లాసందుకుని ఒక గుక్క తాగి "అమృతం తల్లీ" అంటారు. అప్పుడు నాకు తెల్లారినట్టు.

ఇవాళ కూడా అన్నారు. తర్వాత ఆ పిల్ల ఉగ్గుగిన్నెంత కప్పులో తెచ్చిచ్చిన నల్లటిది కూడా తాగారు. ఏమీ అనలేదు. కప్పు వంక చూస్తూ కూర్చున్నారు. నచ్చలేదన్నమాట.

ఆగస్టు 2

చూడకూడదనుకున్నాను. చూశాను.

ముందు గింజల్ని చేతిమరలో పోసి తిప్పుతుంది. పొడి మరీ మెత్తగా ఉంటే నీళ్ళు దిగవట, బరకగా ఉంటే జారిపోతాయట. గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోసి పారబోస్తుంది. "గొట్టం సల్లగుంటె కాఫీ పుల్లగొస్తదక్కా" అంది, నేను అడిగినట్టు. పొడి సమంగా అదిమి, నీళ్ళు పోసి, కాసేపు ఊరనిచ్చి, రెండు చేతులూ పట్టుకుని మెల్లిగా నొక్కుతుంది. తేనె కారినట్టు కారుతుంది. పైన గోధుమరంగు మీగడ కడుతుంది.

దానికింత తతంగం. నా ఫిల్టర్లో పొడి వేసి, నీళ్ళు పోసి పడుకుంటే తెల్లారేసరికి డికాషన్ దానంతటదే దిగి కూర్చుంటుంది.

వాసన గురించి మాత్రం రాయను.

ఆగస్టు 3

నాకేం కుళ్ళు లేదు.

ఆగస్టు 11

మామయ్యగార్ని ఆ పిల్ల "మామా" అంటుంది. గారు లేదు, గీరు లేదు. "మామా, జర వేడి ఉన్నది, నిమ్మళంగ తాగు" అంటుంది. నేను ఇన్నేళ్ళుగా మామయ్యగారూ అనే అన్నాను. ఆయనేమో దానికి మురిసిపోయి "సరేనమ్మా" అంటారు.

అంట్లు తోమడానికొచ్చే చెన్నవ్వ కూడా ఇవాళ ఆ ఉగ్గుగిన్నె పుచ్చుకుని గోడకానుకుని కూర్చుంది. నేనిచ్చిన కాఫీ ఏనాడూ కూర్చుని తాగలేదు. "ఎట్లుందే చెన్నవ్వా?" అన్నాను. "కడువు ఉన్నదమ్మా" అని, చేదన్నట్టు మొహం వికారంగా పెట్టి, చివరి చుక్కదాకా నాకింది.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

ఆగస్టు 17

మగాళ్ళు నాట్లకి పోయారు. నేత్ర పుట్టింటికి వెళ్ళింది. మామయ్యగారు రచ్చబండ దగ్గరున్నారు. ఇంట్లో ఎవరూ లేరు.

జంతికల గొట్టం తీశాను. అడుగున సన్న చిల్లుల బిళ్ళ వేసి, దాని మీద పలచటి గుడ్డ పరిచి, నా ఫిల్టరు పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి మర తిప్పాను. ఇత్తడిదేగా, ఆ ఉక్కుకి ఏం తక్కువ? రెండు తిప్పుల దాకా బాగానే దిగింది. మూడో తిప్పుకి పక్కనుంచి చిమ్మింది చూడు, నా చీర, గోడ, పొయ్యి పైనున్న వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, అన్నీ కాఫీయే. మణికట్టు మీద బొబ్బ.

స్వామి మొహం తడిగుడ్డతో తుడిచి, చెంపలేసుకున్నాను. గొట్టం పాతదైపోయింది, మర అరిగింది. అందుకే.

ఆడలేక మద్దెల ఓడు అంటారని తెలుసు. నా డైరీలో నేను రాసుకుంటే ఎవరికేం?

సాయంత్రం మా ఆయన "చేతికేమైంది?" అన్నారు. జంతికలు చేశానన్నాను. "ఏవి?" అన్నారు. మాడిపోయాయన్నాను.

ఆగస్టు 24

పెరటి గుమ్మం దగ్గర బట్టలారేస్తున్నాను. వసారాలో మామయ్యగారు ఆ పిల్లతో అంటున్నారు. నేనక్కడున్నానని వాళ్ళకి తెలియదు.

"పోయిన దసరాకి జ్వరం వచ్చింది చూడమ్మా, అప్పట్నుంచీ నాకు వాసనా లేదు, రుచీ లేదు. అన్నం తింటే పేపరు నమిలినట్టే ఉంటంది. నీ చేదు కాఫీ తాగాకే నాలిక్కి ఏదో తగిలింది."

"మరి అక్కకు చెప్పినవా మామా?"

"దానికెందుకూ. పొద్దున్నే అమృతమని ఓ మాటంటే దాని మొహం వెలిగిపోద్ది. ఆ మాటకేం ఖర్చయిపోతాంది?"

పోయిన దసరా నుంచి.

తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. దసరా అయింది, దీపావళి అయింది, సంక్రాంతి, ఉగాది, రెండు పంటలు. రోజూ ఆయన అమృతమన్నారు, రోజూ నేను నమ్మాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అబద్ధం నాకు, నిజం దానికి! నిన్నగాక మొన్న వచ్చినదానికి నిజం.

ఆగస్టు 25

పాలు కావాలని మాడబెట్టాను. ఇల్లంతా కమురు వాసన. మా ఆయన వీధిలోంచే "ఏం తగలబడుతోందే?" అని అరిచారు. ఆ పాలతోనే కాఫీ కలిపి మామయ్యగారికిచ్చాను.

"అమృతం తల్లీ" అన్నారు.

సెప్టెంబరు 5

ఇవాళ మామయ్యగారే అడిగారు. తల వంచుకుని, గొంతు సవరించుకుని అడిగారు. "రేపట్నుంచి పొద్దున్నే ముందు నేత్ర కాఫీ తాగుతానమ్మా, తర్వాత నీది. ఏమనుకోవుగా?"

"అయ్యో, దానిదేముందండీ" అన్నాను.

దానిదేముంది. నాకింకేముంది?

సెప్టెంబరు 6

రాయడానికేం లేదు. అటక మీదున్న ఇత్తడి ఫిల్టరు దించి, చింతపండుతో తోమి, మళ్ళీ పైన పెట్టాను. నా సారెలో వచ్చినది. పండగలకి పనికొస్తుంది.

సెప్టెంబరు 7

ఆ గొట్టంలో ఉండే రబ్బరు వాషరు కనపడటం లేదట. అది లేకపోతే నొక్కినా నీళ్ళు పైకి తన్నేస్తాయట. పొద్దున్నుంచీ నేత్ర, బాబ్జీ ఇల్లు తిరగేస్తున్నారు. చెన్నవ్వని కూడా అడిగారు. పాపం, అది తన కొంగు విప్పి దులిపి చూపించింది. అది చూసి నేను తల తిప్పుకున్నాను.

ఎలకలెత్తుకుపోయి ఉంటాయి. కాలవ గట్టు ఎలకలు సామాన్యమైనవి కావు, మా క్యాంపులో సబ్బు బిళ్ళలే మాయమవుతాయి.

నన్నెవరూ అడగలేదు. అయినా "నాకేం తెలుసు, నేనసలు దాని జోలికే పోను" అన్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. నోరు మూసుకుని ఉంటే పోయేది.

సెప్టెంబరు 9

కంపెనీ వాషరు తెప్పిస్తే రావడానికి చాలా రోజులు పడుతుందట. మామయ్యగారు మళ్ళీ నా కాఫీతోనే రోజు మొదలుపెడుతున్నారు. "అమృతం తల్లీ."

ఆ మాట వింటుంటే గోళ్ళతో పళ్ళెం గీకినట్టుంది. కావాలనుకున్నదేగా మరి, తిను.

ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు. పొద్దున్నే వంటింటి వైపు చూసి "వాషరు దొరికిందా అమ్మా?" అని అడుగుతున్నారు. మందు సీసా దొరికిందా అన్నంత ఆశగా.

సెప్టెంబరు 12

సాయంత్రం బాబ్జీ షెడ్డులో పాత స్ప్రేయరు విప్పుతున్నాడు. వరికి మొగి పురుగు పడిందిగా, మందు కొట్టాలేమో. వాడికి పనిమీద ఇంత శ్రద్ధ ఎప్పట్నుంచో?

నేత్ర వంటింట్లో పాడుకుంటోంది. కవితాళ ఊళ్ళో షాపులో వాషరు దొరికిందట, బాబ్జీ తెచ్చాడట. రేపు మళ్ళీ మొదలు.

దొరికితే దొరకనీ. నాకేం?

సెప్టెంబరు 13

రాయబుద్ధి కావట్లేదు. అయినా రాస్తాను. ఇవాళ రాయకపోతే రేపు ఇంకోలా రాసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్న నేత్ర గొట్టంలో వేన్నీళ్ళు పోసింది, పారబోసింది, పొడి వేసి నొక్కింది. నేను పక్క గదిలో పక్కలు మడతపెడుతున్నాను. కాఫీ వాసన వచ్చింది. దాని వెనకాలే ఇంకో వాసన. చాలా సన్నగా. నా ముక్కు సంగతి క్యాంపంతటికీ తెలుసు, పాలు విరగబోతున్నాయని ముందురోజే చెబుతానని నవ్వుతారు. ఆ వాసన నాకు తెలుసు. మా ఆయన చేలో మందు కొట్టి వచ్చిన రోజు ఆయన చొక్కాని వేరే బకెట్లో నానబెడతానే, ఆ చొక్కా వాసన.

నిన్న షెడ్డులో బాబ్జీ విప్పుతున్న స్ప్రేయరు గుర్తొచ్చింది.

వసారాలోకి పరిగెత్తాను. కప్పు మామయ్యగారి పెదాల దగ్గరుంది. ఆయనకి వాసన తెలియదు. చేదు మాత్రమే తెలుసు. కప్పు లాగి అవతలకి విసిరేశాను. గోడకి తగిలి పగిలింది.

"వదినా!" అని అరిచాడు బాబ్జీ. "ఇదేం కుళ్ళు వదినా! ముసలాయన నోటి దగ్గరది లాగేస్తావా?"

మా ఆయన కూడా నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపు నేను మరిచిపోను. ఎందుకంటే అది న్యాయమైన చూపే.

"వాసన చూడు" అన్నాను నేత్రతో. "ఆ గొట్టం వాసన చూడు."

నేత్ర గొట్టం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. తిరిగి బాబ్జీ వైపు చూసింది. "యాడిది ఈ వాషరు? కవితాళల కొన్న అంటివి గదా?"

బాబ్జీ తల గోక్కున్నాడు. "షాపుల్లో ఆ సైజు దొరకలేదే. పాత స్ప్రేయర్లో ఉన్నది సరిగ్గా సరిపోయింది. సబ్బు పెట్టి బాగా తోమానుగా..."

"పురుగులమందు పంపుది తెచ్చి కాఫీల పెడ్తవా? దిమాక్ ఉన్నదా నీకు? రబ్బరు మందు తాగి ఉంటదిరా! వేడినీళ్ళు పడితె కక్కదా?" అని నేత్ర వాడి వీపు మీద రెండు చరిచి, నా కాళ్ళ దగ్గర కూలబడింది. నా మోకాళ్ళు కావలించుకుని ఏడ్చింది. "నువ్వు లేకుంటె ఖతమయ్యేటోడు అక్కా మా మామ. నా చేతులతోని ఇస్తుంటి."

మామయ్యగారు లేచి నా నెత్తి మీద చెయ్యి పెట్టారు. "ప్రాణం పోసేవు తల్లీ. నువ్వు కోడలివి కాదే, మా అమ్మవి" అన్నారు. బాబ్జీ చేతులు జోడించాడు. మా ఆయన మొహం తిప్పుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆ మాట కోసమే ఎదురుచూశాను. వచ్చింది. వచ్చిన మాట నెత్తిమీద చెయ్యి కాదు, నిప్పుల కుంపటి. నేనా వాషరు తియ్యకపోతే బాబ్జీ స్ప్రేయరు విప్పేవాడా?

నేత్ర చేతులు విడిపించుకుని, స్టూలెక్కి, అటక మీది ఇత్తడి ఫిల్టరు దించాను. మూత తీసి నేత్ర ఒళ్ళో బోర్లించాను. నల్లటి వాషరు పడింది.

నేత్ర దాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. "చెన్నవ్వ కొంగు దులిపింది అక్కా ఆ రోజు" అంది. అంతే అంది.

ఇంకేదైనా తిడితే బాగుండేది.

సెప్టెంబరు 14

పొద్దున్న చెన్నవ్వకి చెప్పాను. తప్పు నాది అని. "తెలుసమ్మా, ఆ దినమే ఎరుకైంది. మీ మొకమే చెప్పింది" అని అంట్లు తోముకుంది. నేను కాఫీ ఇస్తే తీసుకుంది. నిలబడే తాగింది.

మామయ్యగారు నాతో మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 16

నేత్ర గొట్టాన్ని సోడా వేసి మరగబెడుతోంది. సాయంత్రం నా దగ్గరికి తెచ్చి, మొహం చూడకుండా, నా ముక్కు దగ్గర పెట్టింది.

"పోయిందా?"

"ఇంకా ఉంది" అన్నాను. ఉంది.

అది ఆ స్ప్రేయరు వాషరుని పెంటలో పూడ్చేసింది. గొట్టం మాత్రం నేను సరేననేదాకా పొయ్యెక్కనివ్వనని బాబ్జీతో చెప్పిందట. "నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. అక్క చెప్పాలె" అందట.

నన్నే నమ్ముతోంది. ఏం పిల్లరా బాబూ.

సెప్టెంబరు 18

"పోయిందా?"

"ఇంకా కొంచెం."

సెప్టెంబరు 20

"పోయిందా?"

ఇంకా ఉందన్నాను. ఉంది కూడా. చాలా కొంచెం. ఉందనే అనిపించింది. జాగ్రత్త మంచిదేగా, పెద్దాయన ప్రాణం.

లేదు. గొట్టం శుభ్రంగా ఉంది. నిన్నటికే పోయింది.

సెప్టెంబరు 21

ఇవాళ మామయ్యగారు తనంతట తానే వంటింట్లోకి వచ్చారు. పీట వేసుకుని కూర్చున్నారు. వారం రోజుల తర్వాత నా కళ్ళలోకి చూశారు.

"కాఫీ ఇయ్యమ్మా."

ఇచ్చాను. ఒక గుక్క తాగారు. అమృతమంటారేమోనని భయపడ్డాను. అంటే ఆ గ్లాసు కూడా విసిరేసేదాన్నేమో.

"ఏం తెలట్లేదమ్మా" అన్నారు. "వేడిగా ఉంది. అంతే."

అలా అని గ్లాసు ఖాళీ చేశారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఈ ఇంట్లో నాకు దక్కిన మొదటి నిజం ఇది. దాన్ని కూడా ఆయన చేత చెప్పించడానికి నేనెంత దూరం పోయానో.

"నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. నాదీ తప్పే" అన్నారు లేస్తూ.

పెరట్లో నేత్ర బట్టలు పిండుతోంది. వెళ్ళి చెప్పాను. "గొట్టం పొయ్యెక్కించుకో. వాసన పోయింది."

"నిన్న ఉన్నది అంటివి?"

"నిన్న కూడా లేదు."

నేత్ర నా వంక చూసింది. పిండుతున్న చీర రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పిండాం. అది కావాలనే గట్టిగా తిప్పింది, నా మణికట్టు పట్టేసింది. తిప్పనీలే అనుకున్నాను.

సెప్టెంబరు 22

పొద్దున్నే నేత్ర కాఫీ దింపింది. నేను పక్కనే నిలబడ్డాను. తను కప్పు తీసుకెళ్ళి మామయ్యగారికిచ్చింది. మొదటి కాఫీ. ఇక అది దానిదే, నేనేం చెయ్యగలను. ఇప్పటికీ కడుపులో మండుతోంది, లేదని రాస్తే అబద్ధం.

మామయ్యగారు తాగలేదు. కప్పు నా వైపు చాపారు.

"చేదు నాకు తెలుస్తుంది. వాసనే తెలీదు. ఎలా ఉందో నువ్వు చెప్పమ్మా, అప్పుడు తాగుతా."

విషం ఉందా లేదా అని అడుగుతున్నారేమో అనుకున్నాను. ఆయన మొహం చూస్తే అది కాదు. నిజంగానే అడుగుతున్నారు. వాసన వినాలని.

కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేత్ర గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. పర్వాలేదండీ అనొచ్చు. అనబోయాను కూడా.

"వేయించిన వేరుశనగ పొట్టు వాసన ముందు వస్తోందండీ" అన్నాను. "దాని వెనకాల బెల్లం పాకం, ముదురుగా, మాడే ముందు దించినట్టు. అడుగున ఎక్కడో నారింజ తొక్క."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఇంకా?"

"బాగుందండీ" అన్నాను. నేత్రకి వినపడేటట్టు అన్నాను. "నా కాఫీ కంటే బాగుంది."

అప్పుడు తాగారు.